రెండు సీసపు అక్షరాలు

తెనాలి

చి.ల.సౌ. అమ్మలుకి నాన్న ఆశీస్సులు.

ఆదివారం ఫోన్లో నువ్వు చెప్పేది పూర్తికాకుండానే బుజ్జిగాడు లేచాడని పెట్టేశావు. మళ్లీ చేస్తే "ఏం లేదులే నాన్నా" అంటావని తెలుసు. ఎదురింటి వాళ్లబ్బాయి శనివారం డాలస్ బయలుదేరుతున్నాడు. అమ్మ అతని చేత గోంగూర పచ్చడి పంపుతోంది. ఆ సీసాతో పాటు ఈ ఉత్తరం కూడా వస్తుంది.

నీ ఎక్స్‌రే కోర్సులో ఆసుపత్రి డ్యూటీ మొదలైన మొదటి వారమే చెస్ట్ ఎక్స్‌రే రిపీట్ చేయాల్సి వచ్చిందని, పక్కనున్న సీనియర్ ఏమీ అనకపోయినా బాత్రూంలోకి వెళ్లి ఏడ్చానని చెప్పావు. ఫొటోలో ఊపిరితిత్తుల కింద రెండు మూలలూ తెగిపోయాయి, అంతేగా? మనిషి భారీగా ఉన్నాడన్నావు. అలాంటివాళ్లకు డిటెక్టర్ని, అదే ఫొటో పట్టే పలకని, అడ్డంగా తిప్పుకోవాలి. భుజాలు ముందుకు తోయించు, లేకపోతే రెక్క ఎముకలు ఊపిరితిత్తుల మీద పడతాయి. గాలి ఒకసారి పీల్పించి వదిలించు, రెండోసారి పీల్చినప్పుడు బిగబట్టించు. రెండోసారి ఇంకాస్త ఎక్కువ పీలుస్తారు. వెనక పక్కటెముకలు పది లెక్కకొస్తే ఇక భయం లేదు. ఇదంతా మీ పుస్తకంలో ఉంటుందని తెలుసు. అయినా చెప్పకుండా ఉండలేను. ట్యూబుకీ డిటెక్టర్‌కీ మధ్య 72 అంగుళాల దూరం, కిరణం వీపు నుంచి ఛాతీకి, గుండె ఉన్నదానికన్నా పెద్దగా కనపడకుండా. ఈ ఒక్క లెక్క తెనాలిలోనూ టెక్సాస్‌లోనూ ఒకటే. "నో రెస్పిరే" (ఊపిరి తీయకండి) అని స్పానిష్‌లో చెప్పడం నేర్చుకున్నానన్నావు చూడు, అది విని అమ్మ రెండు రోజులు నవ్వింది.

మా రోజుల్లో రిపీట్ అంటే ఏమిటో తెలుసా? ఫిల్ముని డార్క్ రూమ్‌లో ఎర్ర లైటు కింద హ్యాంగర్‌కి తగిలించి, డెవలపర్లో ఐదు నిమిషాలు ఉంచి, నీళ్లలో ముంచి, ఫిక్సర్లో వేసి, అప్పుడు లైటుకి ఎత్తి చూస్తే గానీ తప్పు తెలిసేది కాదు. అప్పటికి పేషెంటు చొక్కా వేసుకుని బస్టాండుకి బయలుదేరి ఉండేవాడు. అతని వెనక పరుగెత్తాలి. తర్వాత ఫిల్ము వృథా అయిందని రిజిస్టర్లో రాయాలి. నా చొక్కాలకి పట్టే ఆ పుల్లటి వాసన నీకు గుర్తుందో లేదో. అమ్మ వాటిని వేరే బక్కెట్లో నానబెట్టేది.

నీకు కొన్ని సెకన్లలో స్క్రీన్ మీదకి వచ్చేస్తుంది. సుఖమే, కానీ అందులో ఒక మోసం ఉంది. ఫిల్ము అయితే ఎక్స్‌పోజర్ (కిరణాల మోతాదు) ఎక్కువైనప్పుడు నల్లగా మాడిపోయి నా తప్పుని ఊరందరికీ చాటేది. డిజిటల్ నోరు విప్పదు. ఎక్కువ ఇచ్చినా కంప్యూటర్ సర్దేసి చక్కగా చూపిస్తుంది. తక్కువైతే మాత్రం ఇసుక చల్లినట్టు వస్తుంది. అందుకని రిపీట్‌కి భయపడేవాళ్లు తెలియకుండానే ప్రతి మనిషికీ కాస్త కాస్త పెంచుకుంటూ పోతారు. నువ్వు ఏడ్చావంటే నాకు పట్టుకున్న టెన్షన్ అదే. ఫొటోతో పాటు వచ్చే ఎక్స్‌పోజర్ ఇండెక్స్ అంకె ప్రతిసారీ చూడు. ఎవరూ అడగకపోయినా చూడు.

రేడియేషన్ తగలకుండా పొట్ట కింద లెడ్ ముక్క కప్పడం మీ దగ్గర మానేశారని చెప్పినప్పుడు నీతో వాదించాను కదా. తర్వాత తీరిగ్గా చదివాను. 2019లో అక్కడి మెడికల్ ఫిజిసిస్టుల సంఘమే మానేయమంది. ఆ ముక్క చూడాల్సిన చోటునే కప్పేయొచ్చట, డోసు కొలిచే ఆటోమేటిక్ సెన్సర్ మీదకి జరిగితే మెషిన్ ఇంకా ఎక్కువ డోసు ఇస్తుందట. ముప్పై నాలుగేళ్లు నేను ప్రతి పేషెంటుకీ జాగ్రత్తగా కప్పినదాన్ని తీసేయమంటే కష్టంగానే ఉంది. ఒప్పుకుంటున్నాను, నువ్వే కరెక్టు.

కోర్సులో నువ్వు తీసి చూపించాల్సిన ఎక్స్‌రేల లిస్టు పంపావు కదా, అదీ చూశాను. తప్పనిసరివి 36, ఎంచుకునేవి 15, ఒక్కొక్కటీ ఎవరో నిలబడి చూసి సంతకం పెడితేనే లెక్కట. మా సీఆర్ఏ (ఎక్స్‌రే అసిస్టెంట్) కోర్సులో ఇంత పద్ధతి ఎక్కడిది? సార్ పక్కన నిలబడి చూశాం, సార్ రానిరోజు తీశాం. ఆరేళ్ల లోపు పిల్లలకు వేరు, 65 దాటి ఓపిక తగ్గినవాళ్లకు వేరు అని చదివి నవ్వొచ్చింది. నేను అక్కడుంటే నీకు ఒక టిక్కు ఊరికే వచ్చేసేది. కోర్సయ్యాక సర్టిఫికెట్ కోసం రాసే రిజిస్ట్రీ పరీక్షలో పాసవడానికి 75 అంటే నూటికి 75 అనుకుని హడలిపోయాను. అది స్కేలు మార్కని, శాతం కాదని అల్లుడుగారు చెప్పాక కుదుటపడ్డాను.

ఇక మార్కర్ల సంగతి, అదే ఎడమో కుడో ఫొటోలో తెలిసేలా పెట్టే సీసపు అక్షరాల సంగతి. నీ పేరు అక్షరాలతో ఎల్, ఆర్ వచ్చాయని ఫొటో పెట్టావు. వాటి గురించి ఇంతవరకు ఎవరికీ చెప్పనిది ఒకటి చెబుతాను.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. తాటిచెట్టు మీంచి పడ్డ కల్లుగీత మనిషిని తీసుకొచ్చారు. రెండు మడమలూ వాచిపోయాయి. రెండు ఫిల్ములు తీశాను. బయట జనం ఎక్కువగా ఉన్నారని మార్కర్ పెట్టలేదు, ఆరాక పెన్నుతో రాసుకోవచ్చులే అనుకున్నాను. రాశాను. తారుమారుగా రాశాను. ఎముక విరిగింది ఎడమ మడమలో, పిండికట్టు పడింది కుడికాలికి. మర్నాడు రౌండ్స్‌లో బయటపడింది. కట్టు కోసి తీస్తుంటే నేను పక్కనే నిలబడ్డాను. ఆ మనిషి నా వైపు చూసి "పోన్లే బాబూ" అన్నాడు. తిట్టినా బాగుండేది. అప్పటి నుంచి రిటైరయ్యేదాకా ఆ రెండు సీసపు అక్షరాలూ నా చొక్కా జేబులోనే ఉన్నాయి. కంప్యూటర్లో తర్వాత టైప్ చేయొచ్చులే అని నీకు ఎప్పుడైనా అనిపిస్తే ఆ మడమలు గుర్తు తెచ్చుకో.

ఆ ఫొటో చాలాసేపు చూశాను. నా మార్కర్ల మీద పేరు ఉండేది కాదు. వార్డులో కూడా "ఎక్స్‌రే అతన్ని పిలవండి" అనేవాళ్లు. అందుకే ఇంటర్లో నువ్వు బైపీసీ తీసుకుంటానంటే, నా బతుకు నీకెందుకని ఎంపీసీలో చేర్పించాను. బీటెక్ అయింది, ఉద్యోగం, పెళ్లి, అమెరికా, బుజ్జిగాడు. ముప్పై మూడేళ్లకి కమ్యూనిటీ కాలేజీలో అనాటమీ పుస్తకం పట్టుకుని, పంతొమ్మిదేళ్ల పిల్లల పక్కన కూర్చుని, సీటు కోసం ఏడాది ఆగి, మళ్లీ నేను వద్దన్న చోటికే వచ్చావు. ఇక్కడ ఎవరైనా అడిగితే "మా అమ్మాయి ఏదో హాస్పిటల్ కోర్సు చేస్తోంది" అనేవాణ్ణి. అమ్మ విని ఊరుకునేది. పోయినవారం బ్యాంకులో ఒకాయన అడిగితే ఎక్స్‌రే చదువుతోందని చెప్పాను. రెండేళ్ల డిగ్రీ అని, 2015 నుంచి కనీసం అలాంటి డిగ్రీ ఒకటి లేకపోతే పరీక్షకే కూర్చోనివ్వరని కూడా చెప్పాను. ఆయన టోకెన్ నంబరు పిలిచేశారు, లేకపోతే ఇంకా చెప్పేవాణ్ణి.

ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో కొలిచే బ్యాడ్జి అద్దం ముందు వదిలేసి వెళ్లకు. మా వాళ్లు సొరుగులో పెట్టి తాళం వేసేవాళ్లు, సొరుగుకి ఎంత రేడియేషన్ తగిలిందో ప్రతి మూడు నెలలకీ రిపోర్టు వచ్చేది.

పచ్చడి సీసా చుట్టిన గుడ్డలో నా ఎల్, ఆర్ ఉన్నాయి. ఎల్ అంచు కాస్త వంగింది. నీ పేరు లేదు కాబట్టి డ్యూటీలో పనికిరావు, ఊరికే నీ దగ్గర ఉంచు. ఎయిర్‌పోర్టులో ఆ అబ్బాయి బ్యాగు ఎక్స్‌రేలో వెళ్లేటప్పుడు స్క్రీన్ మీద అవి స్పష్టంగా కనపడతాయి. ఇవేమిటని అడిగితే ఏం చెప్పాలో అతనికి చెప్పి ఉంచాను.

నాన్న