ఒక్క ఓటూ పడని ఎమ్మెల్యేలకు బలపరీక్షలో ఓటా?

సంపాదకుడి గారికి,

యానాంలో నాకు జిరాక్స్ షాపు ఉంది. ఎన్నికలొస్తే ఓటర్ల జాబితా కాపీలతో మెషిన్ వేడెక్కిపోతుంది. ‘మాది ముందు తీసెయ్యి అంకుల్’ అని అన్ని పార్టీల కుర్రాళ్లూ ఎగబడతారు. ఈ హడావిడంతా పుదుచ్చేరి అసెంబ్లీలో మాకున్న ఒక్క సీటు కోసం. దాన్ని మేం తేలిగ్గా తీసుకోం. 2021లో ఎన్‌ఆర్ కాంగ్రెస్ నేత రంగస్వామి గారినే ఇక్కడ ఓడించి ఓ స్వతంత్రుణ్ని గెలిపించారు మావాళ్లు. రంగస్వామి గారు పుదుచ్చేరిలోని తట్టాంచావడిలో కూడా నిలబడి గెలిచారు కాబట్టి ముఖ్యమంత్రి అయ్యారు.

ఆయన ప్రమాణం చేసి వారం తిరక్కముందే కేంద్రం ముగ్గుర్ని నేరుగా అసెంబ్లీకి నామినేట్ చేసింది. 1963 నాటి కేంద్రపాలిత ప్రాంతాల చట్టం ఆ వీలు ఇచ్చింది. ప్రభుత్వోద్యోగి కాకూడదంటుందే గానీ, ఫలానా రంగంలో అనుభవం ఉండాలని చెప్పదు. స్థానిక ప్రభుత్వాన్ని అడగాల్సిన పని లేదని, బడ్జెట్‌పైనా అవిశ్వాసంపైనా వాళ్లూ ఓటెయ్యొచ్చని 2018లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

ముగ్గురే కదా అనుకోకండి. అంతకుముందు సభలో, 2021 ఫిబ్రవరిలో అప్పటి ముఖ్యమంత్రి నారాయణస్వామి గారి బలపరీక్షనాటికి రాజీనామాలు పోను సభలో మిగిలింది 26 మంది. ఆయనవైపు 12, అటు 14. ఆ 14లో ముగ్గురు అప్పటి నామినేటెడ్ సభ్యులు. వాళ్లను తీసేస్తే 11. ఆయన ఓటింగ్ దాకా ఉండకుండా బయటికొచ్చి రాజీనామా ఇచ్చేశారు. సొంత పార్టీవాళ్లే జారిపోయిన ప్రభుత్వం అది, దాని మీద నాకేం జాలి లేదు. కానీ మా యానాం ఎమ్మెల్యే అప్పటికే రాజీనామా చెయ్యడంతో ఆ రోజు మా సీటు ఖాళీ. క్యూలో నిలబడి ఓటేసిన మాకు సభలో మనిషి లేడు. ఒక్క ఓటూ పడనివాళ్లు మాత్రం ముగ్గురున్నారు!

రాష్ట్రపతి ఎన్నికలో నామినేటెడ్ ఎమ్మెల్యేలకు ఓటు లేదు, రాజ్యాంగం ఎన్నికైనవాళ్లకే ఇచ్చింది. మరి ముఖ్యమంత్రిని దించడానికి ఎందుకుండాలి? ఢిల్లీ అసెంబ్లీలో 70 మందీ ఎన్నికైనవాళ్లే. జమ్మూకశ్మీర్‌లో అయిదుగురిని నామినేట్ చేసే వీలున్నా, వాళ్లు ఏ వర్గాలవాళ్లై ఉండాలో చట్టంలోనే రాశారు. మాకు అదీ లేదు.

పుదుచ్చేరికి పూర్తి రాష్ట్ర హోదా కావాలని సభ ఎన్నిసార్లు తీర్మానం చేసినా కదలిక లేదు. అది తేలేలోగా, బలపరీక్షలో నామినేటెడ్ సభ్యులకు ఓటు ఉండదని ఆ చట్టంలో ఒక్క వాక్యం చేరిస్తే చాలు. లోక్‌సభలో మాకున్న ఒకే ఒక్క ఎంపీ ప్రైవేటు బిల్లుగా అయినా పెట్టొచ్చు కదా.

– ఒక ఓటరు, యానాం