లాబిరింత్ కిట్లలో తప్పు బొమ్మలు: సరిచేసి పంపాలని కోరుతూ

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. అమలాపురం దగ్గర మా ఊళ్లో వేసవి సెలవుల్లో పిల్లలకు బొమ్మలు నేర్పుతాను. ‘లాబిరింత్‌ల చరిత్ర’ అనే మీ ఆర్ట్ కిట్లు 12 తెప్పించాను. లాబిరింత్ అంటే చుట్లు తిరుగుతూ నడిమికి చేర్చే ఒకే దారి బొమ్మ. ఒక్కోటి రూ.450.

మొదటి షీటు మీద ‘క్రీట్ దీవిలోని నోసోస్ లాబిరింత్’ అని అచ్చు వేశారు. కింద ఉన్న బొమ్మ మాత్రం మేజ్, అంటే దారి తప్పించే చిక్కుదారి. నాలుగు చోట్ల దారి చీలింది, మూడు చోట్ల గోడ తగిలి ఆగిపోయింది. నోసోస్ నగరపు పాత వెండి నాణేల మీది లాబిరింత్‌కు ఒకటే దారి, ఏడు చుట్లు. ఆ దారి పట్టుకుని పోతే ఎవరైనా నడిమికి చేరతారు. ఎద్దు తల ఉన్న రాక్షసుడు మినోటార్ గురించిన గ్రీకు కథలో దారి తప్పిపోతారు గానీ నాణెం మీది బొమ్మలో తప్పే వీలే లేదు. పిల్లలకు ఇది చూపించాలనే కిట్ కొన్నాను.

వేలితో దారి వెంట వెళ్లమంటే, మూడో తరగతి పాప మూడుసార్లు గోడ దగ్గర ఆగి, “నాకు రావట్లేదు టీచర్” అని షీటు తిప్పేసింది. నాకు చాలా బాధేసింది.

షార్ట్ర్ చర్చి షీటూ తప్పే. ఫ్రాన్స్‌లో 13వ శతాబ్దం మొదట్లో నేల మీద రాళ్లు పరిచి చేసిన ఆ లాబిరింత్‌కు 11 చుట్లు. మీరు తొమ్మిదే వేశారు. కిట్లలోని మట్టి ముద్దలు కూడా ఎండి గట్టిపడ్డాయి.

పిల్లల్ని ఊరికే పంపలేక, వాకిట్లో కళ్లాపి చల్లి ముగ్గుపిండితో నేనే వేశాను. మధ్యలో కూడిక గుర్తు, దాని నాలుగు సందుల్లో నాలుగు ‘ఎల్’ గీతలు, వాటి పక్కన నాలుగు చుక్కలు. పైనుంచి మొదలుపెట్టి ఒక్కో కొసను అవతలి కొసతో వంపుగా కలుపుతూ పోతే ఏడు చుట్లు వస్తాయి. చుక్కల ముగ్గులు చూస్తూ పెరిగిన పిల్లలు కదా, రెండోసారికే పట్టేశారు. కాలవ గట్టు నుంచి ఒండ్రుమట్టి తెచ్చి అట్టల మీద గోడలు కట్టారు. హళేబీడు గుడి మీద చక్రవ్యూహాన్నీ ఇలా చుట్ల దారిగానే చెక్కారని చెబితే, “మరి అభిమన్యుడు వచ్చిన దారినే ఎందుకు వెళ్లిపోలేదు?” అని అడిగారు. దాని మీదే గంటసేపు మాట్లాడుకున్నాం. మీ పుస్తకంలో ఆ శిల్పం ఊసే లేదు.

రెండుసార్లు ఫోన్ చేశాను. “లాబిరింత్, మేజ్ రెండూ ఒకటేగా మేడమ్” అన్నారు. ఒకటి కాదండీ.

సరైన షీట్లు, కొత్త మట్టి 15 రోజుల్లో పంపండి. కుదరకపోతే రూ.5,400 వాపసు ఇవ్వండి. అమ్మకుండా మిగిలిన కిట్లలోనూ ఆ రెండు షీట్లు మార్చండి. బిల్లు, ఫోటోలు జత చేశాను.

ఇట్లు,
ఒక డ్రాయింగ్ టీచర్,
కోనసీమ