ఎగ్మోర్ కిర్క్ కింద 150 బావులున్నాయి, మంత్రి గారూ

తమిళనాడు గృహవసతి, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఈ ఉత్తరం తమిళ ప్రతిని మీ ఆఫీసుకి రిజిస్టర్ పోస్టులో పంపాను. తెలుగులో కూడా రాస్తున్నది ఎగ్మోర్ స్టేషన్లో దిగి, పక్కనే ఉన్న తెల్లటి గుడిగోపురం లాంటి శిఖరాన్ని చూసి "ఇదేంటి?" అని అడిగే మా వాళ్ళ కోసం. అది సెయింట్ ఆండ్రూస్ చర్చి. ఊళ్ళో అందరూ 'కిర్క్' అంటారు, స్కాట్లాండ్ మాటలో చర్చి అని.

నేను ఆ సంఘం సభ్యుణ్ణి కాను. నెల్లూరు నుంచి వచ్చి 40 ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను. అందులో ముప్పై ఏళ్ళు బిల్డింగ్ సైట్లలో సూపర్‌వైజర్‌గా గడిచాయి. అందుకే నా చూపు శిఖరం మీద కన్నా దాని పునాది మీదే ఎక్కువ.

1813లో బ్రిటిష్ పార్లమెంటు ఇచ్చిన చార్టర్ (అనుమతి పత్రం) తరవాత ఈస్టిండియా కంపెనీ మూడు ప్రెసిడెన్సీల్లోనూ ఒక్కో స్కాట్లాండ్ చర్చి పాదిరీని జీతమిచ్చి పెట్టుకుంది. వీళ్ళు ప్రెస్బిటేరియన్లు. బిషప్ పెత్తనం ఉండదు, పాదిరీలూ సంఘపెద్దలూ కూర్చుని నడుపుకుంటారు. మద్రాసు స్కాట్లాండ్ వాళ్ళ గుడి కట్టే పని ఇంజనీరు మేజర్ థామస్ డి హావిలాండ్ చేతికొచ్చింది. 1818లో శంకుస్థాపన, 1821 ఫిబ్రవరిలో మొదటి ఆరాధన. నమూనా లండన్‌లోని సెయింట్ మార్టిన్ ఇన్ ది ఫీల్డ్స్. కానీ లండన్ నేల వేరు, ఎగ్మోర్ నేల వేరు. ఇక్కడ వానొస్తే నీళ్ళు నిలిచే మెత్తటి పల్లం.

ఆయన చేసిన పని మన బావులు తవ్వేవాళ్ళకి కొత్తేమీ కాదు. నేల మీద ఇటుకతో గుండ్రంగా ఒర కట్టడం, లోపలి మట్టి తోడుతూ పోవడం, ఒర తన బరువుకి తానే దిగుతూ ఉంటే పైన ఇంకో వరస కట్టడం. అలా సుమారు 150 బావులు దించి, వాటి నెత్తిన చర్చిని నిలబెట్టారు. స్కాట్లాండ్ దేవుడికి మన ఒరబావుల వాళ్ళు పీట వేశారన్నమాట. పైన 16 స్తంభాలు, వాటి మీద 51 అడుగుల పైచిలుకు వ్యాసం ఉన్న గుమ్మటం. లోపల తలెత్తితే నీలం రంగు, బంగారు నక్షత్రాలు. స్తంభాల మీద మద్రాసు సున్నం పూత అద్దంలా మెరుస్తుంది. చెయ్యి ఆనిస్తే మే నెలలో కూడా చల్లగా ఉంటుంది. ఆ నునుపు ఇవాళ ఏ పుట్టీకీ రాదు, నేను పందెం కాస్తాను.

ఈ సంఘం ఊరికి ఇచ్చింది గుడి ఒక్కటే కాదు. 1835లో ఇక్కడి పాదిరీలు ఇద్దరు ఎగ్మోర్‌లో చిన్న బడి పెట్టారు. దాన్ని నడపడానికి మనిషిని పంపమని స్కాట్లాండ్‌కి రాస్తే 1837లో జాన్ ఆండర్సన్ వచ్చాడు. ఆ బడే పెరిగి మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ అయింది. మన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు చదివింది అక్కడే. 1843లో స్కాట్లాండ్ చర్చి అక్కడ రెండుగా చీలితే ఆ చీలిక సముద్రం దాటి ఇక్కడికీ వచ్చింది. ఆండర్సన్ విడిపోయిన ఫ్రీ చర్చి వైపు వెళ్ళాడు, బడి ఆయనతో వెళ్ళింది. కిర్క్ మాత్రం పాత చర్చితోనే ఉండిపోయింది. ఇప్పుడు దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.)లో భాగం.

ఇక అసలు సంగతి. కొన్నేళ్ళ కిందట మా పక్క స్థలంలో అపార్ట్‌మెంట్ కోసం రెండంతస్తుల బేస్‌మెంట్ తవ్వారు. రాత్రీపగలూ మోటార్లు పెట్టి నీళ్ళు తోడి డ్రెయిన్లోకి వదిలారు. మూడో వారానికి మా ఇంటి బావి ఎండింది. నాలుగో వారం హాలు గోడకి వెంట్రుకంత పగులు వచ్చింది. పగులు పెరుగుతోందో లేదో తెలియడానికి దానికి అడ్డంగా సిమెంటుతో ఒక గాజుపెంకు అతికించి, పక్కన పెన్సిల్‌తో తేదీ రాశాను. పదకొండో రోజున పెంకు టప్పున విరిగింది. మెత్తటి నేలలోంచి నీళ్ళు లాగేస్తే నేల కుంగుతుంది, అన్నిచోట్లా ఒకేలా కుంగదు కూడా. మాది మామూలు ఇల్లు. పగులు పూడ్చి సున్నం వేసుకున్నాం.

కిర్క్‌కి పగుళ్ళు వచ్చాయని నేను అనడం లేదు. రెండు వందల ఏళ్ళు నిలబడింది, గట్టి పనే. కానీ ఆ బావులు దించిన రోజుల్లో చుట్టుపక్కల బోర్లు లేవు, బేస్‌మెంట్లు లేవు. భూగర్భ జలాలకి 1987లోనే ఇక్కడ చట్టం వచ్చింది, 2003లో ప్రతి ఇంటికీ వాన నీటి గుంత తప్పనిసరి చేశారు. మంచిదే. 2019 ఎండాకాలంలో బిందెలు పట్టుకుని లారీల వెనక పరిగెత్తినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. పాత కట్టడాల జాబితాలో పేరు చేరిస్తే గోడకి రంగు మార్చకుండా ఆపొచ్చు. గోడకింద నీళ్ళు పోకుండా జాబితా ఆపలేదు.

కాబట్టి, కిర్క్ చుట్టూ లోతు తవ్వకానికి పర్మిషన్ ఇచ్చేముందు, తోడే నీళ్ళని అక్కడే మళ్ళీ భూమిలోకి ఇంకించే ఏర్పాటు ఉందో లేదో మీ ఇంజనీర్లతో చూపించండి. సంఘం వాళ్ళు ఒప్పుకుంటే ఆవరణలో నీటిమట్టం కొలవడానికి ఒక్క బోరు వేయించండి. నెలకోసారి నీళ్ళు ఎన్ని అడుగుల్లో ఉన్నాయో గేటు దగ్గర బోర్డు మీద రాయించండి. సుద్దముక్కతో రాసినా చాలు. వాకింగ్‌కి వెళ్ళినప్పుడు చదువుకుంటాను.

ఇట్లు,
ఎగ్మోర్‌లో ఉంటున్న ఒక నెల్లూరువాడు