కంప్యూటర్ కిట్ దగ్గర అసలేం జరిగిందంటే

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

బుధవారం సాయంత్రం నుంచి మీ వాట్సాప్ గ్రూపుల్లో "స్కూల్లో షార్ట్ సర్క్యూట్, పిల్లలకు షాక్" అని మెసేజ్ తిరుగుతోంది. షాక్ ఎవరికీ కొట్టలేదు, మంటా రాలేదు. తొమ్మిదో తరగతి పిల్లలు 8085 అనే ప్రాసెసర్‌తో సొంతంగా కట్టుకుంటున్న కంప్యూటర్ కిట్‌కు డిస్‌ప్లే బోర్డు కలిపేటప్పుడు రిబ్బన్ కేబుల్‌ను తిప్పి పెట్టారు. ప్లస్, గ్రౌండ్ తారుమారై ఒక చిన్న ఐసీ (చిప్) వేడెక్కింది, కాలిన వాసన వచ్చింది. పిల్లలే వెంటనే అడాప్టర్ పీకేశారు. అది 9 వోల్టుల అడాప్టర్. కిట్‌లోకి వెళ్లేది 5 వోల్టులే. గ్రూపులో పెట్టే ముందు స్కూలుకు ఒక్క ఫోన్ చేసి ఉంటే ఈ మాట అప్పుడే చెప్పేదాన్ని.

ఆ తర్వాత జరిగింది మాత్రం ఏ గ్రూపులోనూ రాలేదు, అందుకే నేను రాస్తున్నాను. ఆ బోర్డు మీద ఆరు అంకెల గళ్లుంటాయి: నాలుగు అడ్రస్‌కు (మెమరీలో ఏ చోటో చెప్పే అంకెలు), రెండు డేటాకు (ఆ చోట ఉన్న విలువ). ఒక్కో అంకెలో ఏడు గీతలు. విడివిడిగా వైర్లు లాగితే 42 కావాలి. అందుకని గీతల వైర్లు అన్ని అంకెలకూ ఉమ్మడిగా ఇచ్చి, ఒక అంకె తర్వాత ఒకటి వెలిగిస్తారు. అది ఎంత వేగంగా జరుగుతుందంటే మన కంటికి ఆరూ ఒకేసారి వెలిగినట్టే ఉంటుంది. గీతలకు ఏడు, అంకెలకు ఆరు, మొత్తం 13 వైర్లతో పని అయిపోతుంది. కాలిన ఐసీ మార్చాక, బి సెక్షన్ అమ్మాయి ఒకరు బోర్డును కిట్‌కు కలపనివ్వలేదు. ముందు మల్టీమీటర్‌తో ప్లస్‌కూ గ్రౌండ్‌కూ మధ్య షార్ట్ లేదని చూసింది. తర్వాత కరెంటును అదుపు చేసే 330 ఓమ్‌ల రెసిస్టర్ మీదుగా 5 వోల్టులిచ్చి గీతలన్నీ ఒక్కొక్కటే వెలిగించింది. మొదటి అంకెలో మధ్య గీత వెలగలేదు. డ్రై సోల్డర్, అంటే అతుకు సరిగా పట్టలేదు! అలాగే కలిపేసి ఉంటే 8000 అనే అడ్రస్ 0000గా కనిపించేది, పిల్లలు ప్రోగ్రాంలో తప్పుందనుకుని రోజుల తరబడి వెతికేవాళ్లు. ఇంకో అబ్బాయి బోర్డు మీద ఒక పిన్ను కత్తిరించి, కేబుల్ సాకెట్‌లో దానికెదురుగా ఉన్న రంధ్రం మూసేశాడు. ఇక ఆ కేబుల్ తిరగేసి పెట్టాలన్నా పట్టదు. ఇది వాడికి ఎవరూ చెప్పలేదు. ఆ ఇద్దరినీ చూస్తే నాకు ఎంత గర్వంగా ఉందో మాటల్లో చెప్పలేను.

కలిపే ముందు పరీక్షించడం, దేన్నీ నమ్మకుండా కొలిచి చూడడం: పిల్లలకు నేర్పాల్సిన చదువు ఇదేనని నా గట్టి నమ్మకం. ఇది పుస్తకంలో చదివితే రాదు. మీటరు పిల్లవాడి చేతిలో ఉండాలి, తప్పు వాడి కళ్ల ముందే దొరకాలి. ఎనిమిదో తరగతి నుంచి ప్రతి పిల్లకూ, పిల్లాడికీ వారానికి రెండు పీరియడ్లు ఇందుకే ఉంచాను. మార్కులకు పనికిరాదని వాటిని తీసేయమంటే తీసేయను. దయచేసి ఇంకెవరూ అడగవద్దు.

అలాగే, ప్రేమతోనే చెబుతున్నాను, ప్రాజెక్టులు బజారులో రెడీమేడ్‌గా కొని పంపకండి. సోల్డరింగ్ నాన్నగారు చేశారో, పాప చేసిందో ఒక్క ప్రశ్నలో తెలిసిపోతుంది. రాత్రి పన్నెండు దాకా ఫోన్ చూసి, పొద్దున ల్యాబ్‌లో ఆవలించే పిల్లలకు వేడి సోల్డరింగ్ ఐరన్ ఇవ్వాలంటే మా టీచర్లకు భయం. ఫోన్ పదింటికల్లా మీ గదిలో పెట్టుకోండి.

పరీక్షల టైంటేబుల్ డైరీలో అంటించాం, చూసి సంతకం పెట్టండి. బస్సు ఫీజు బాకీ ఉన్నవారు ఈ నెలలో కట్టేయండి.

శనివారం పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు ల్యాబ్‌లోకి రండి, పిల్లలే కిట్ నడిపి చూపిస్తారు. ఇంట్లో పాడైన రిమోట్లు, రేడియోలు, అడాప్టర్లు ఉంటే బ్యాటరీలు తీసి పంపండి, విప్పి నేర్చుకుంటారు. పాత పిక్చర్ ట్యూబ్ టీవీలు మాత్రం వద్దు. ఆపేశాక కూడా వాటిలో ప్రమాదకరమైన వోల్టేజీ మిగిలి ఉండవచ్చు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు