బీమా ఫారంలో ‘భార్య’ అంటే ఎవరు? బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అధ్యక్షుల వారికి బహిరంగ లేఖ

అయ్యా,

వరంగల్, హనుమకొండ, జనగామల్లో జీవిత బీమా క్లెయిములు చూసే ఏజెంట్లం, న్యాయవాదులం రాస్తున్నాం.

1984 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం నామినీ డబ్బు తీసుకుని వారసులకు అప్పగించాల్సిన మనిషి మాత్రమే. 1938 బీమా చట్టం 39వ సెక్షన్‌ను 2015లో సవరించాక, నామినీగా ఉన్న భార్యకో భర్తకో ఆ డబ్బు మీద సొంత హక్కు వచ్చింది. మంచి మార్పే. కానీ భార్య అంటే ఎవరో ఆ సెక్షన్ చెప్పలేదు. చిక్కంతా అక్కడే.

మొదటి భార్య ఉండగా చేసుకున్న రెండో పెళ్లి హిందూ వివాహ చట్టం కింద చెల్లదు. ఫారంలో మాత్రం ఆమె పేరు పక్కన ‘భార్య’ అని ఉంటుంది. మనిషి పోయాక ఇద్దరూ క్లెయిము పెడతారు, కంపెనీ కోర్టుకు పొమ్మంటుంది. ఆ పెళ్లి పిల్లలను సక్రమ సంతానంగానే చూసే రక్షణ హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్‌లో ఉంది, తల్లికి లేదు. విడాకులైతే పాత నామినేషన్ దానంతటదే పోతుందని కూడా బీమా చట్టం 39లో రాసి లేదు. పాలసీదారు కంపెనీకి రాతపూర్వకంగా తెలిపి, మార్పును పాలసీ మీద నమోదు చేయించుకోవాలి. పాత నామినీ సంతకం అక్కర్లేదు. ఇది చాలామందికి తెలియదు.

1874 వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద తీసుకున్న పాలసీ వేరు. అది భార్యాపిల్లల మేలు కోసం పెట్టిన ట్రస్టు, భర్త తర్వాత ఇష్టమొచ్చినట్టు మార్చలేడు. పాలసీ తీసుకునేటప్పుడే ఈ తేడా చెప్పడం తప్పనిసరి చేయండి.

ప్రపోజల్ ఫారంలో (పాలసీ కోసం నింపే దరఖాస్తులో) పెళ్లి తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ప్రతి ప్రీమియం నోటీసు మీద నామినీ పేరు, బంధుత్వం ముద్రించమని కంపెనీలను ఆదేశించండి.

ఇట్లు,
వరంగల్ బీమా ఏజెంట్లు, న్యాయవాదులు