జులై యాత్రలో జరిగినది, వచ్చే ఏడాది మార్చబోయేది

గౌరవనీయులైన మా ప్రయాణికులకు,

జులై రెండో వారంలో సెరెంగెటికి వెళ్లిన మన బృందం, మందలు మారా నదిని దాటడం చూడకుండానే తిరిగి వచ్చిన సంగతి మీలో కొందరికి ఇప్పటికే తెలిసి ఉంటుంది. అడవి అన్నాక ఇవన్నీ మామూలే అని సర్దిచెప్పి ఊరుకోవచ్చు. కానీ ఈసారి తప్పు మందలది కాదు, గుడారాలది.

సుమారు 13 లక్షల వైల్డ్‌బీస్ట్‌లు (ఎద్దును తలపించే పెద్ద జింక జాతి జంతువులు), వాటితో పాటు లక్షల సంఖ్యలో జీబ్రాలు, వాన వెంట మొలిచే పచ్చికను వెతుక్కుంటూ టాంజానియాలోని సెరెంగెటికీ కెన్యాలోని మసాయి మారాకూ మధ్య ఏడాది పొడవునా తిరుగుతుంటాయి. దక్షిణ మైదానాలు ఎండిపోయాక మే, జూన్ నెలల్లో వాటిలో చాలా భాగం గ్రుమెటి నది వైపు కదులుతాయి. జులై నుంచి అక్టోబరు దాకా మారా తీరం వాటికి ఆధారం. సంచార శిబిరాలు నడిపేవారు కూడా అందుకు తగ్గట్టే గుడారాలు ఎత్తుకుని కదులుతారు. మేము ఒప్పందం చేసుకున్న నిర్వాహకులు జులై మొదటికల్లా శిబిరాన్ని ఉత్తరాన మారా నది ఒడ్డున ఉన్న కొగటెండె సమీపానికి మారుస్తామని రాసి ఇచ్చారు. మేము వెళ్లేసరికి గుడారాలు సెరెంగెటి నడిమధ్యన, సెరొనెరా దగ్గరే ఉన్నాయి.

వానలు ఆలస్యంగా ముగిశాయి కనుక మందలు ఇంకా అక్కడే మేస్తున్నాయని వారి వాదన. కొన్ని మేస్తున్న మాట నిజమే. అయితే మందలన్నీ ఒక్క దండుగా నడవవు. ముందు కదిలినవి అప్పటికే నది ఒడ్డుకు చేరాయి. దాంతో రోజూ తెల్లవారుజామున బయలుదేరి, గంటల తరబడి దుమ్ములో ప్రయాణించి నది చేరడం, చీకటి పడ్డాక పార్కులో వాహనం నడపరాదన్న నిబంధన వల్ల మధ్యాహ్నమే వెనుదిరగడం మా పని అయింది.

మూడో రోజు రెండు గంటల వేళ ఒడ్డు మీద వేల జంతువులు గుమిగూడాయి. అన్నిటికన్నా ముందున్న ఒక వైల్డ్‌బీస్ట్ గట్టు దిగి, మూతి నీటికి ఆనించి వాసన చూసి, అదిరిపడి వెనక్కి దూకింది. వెనకనున్నవి మళ్లీ ముందుకు నెట్టాయి. ఇలా నాలుగుసార్లు జరిగింది. డ్రైవరు గడియారం చూసి, ఏమీ అనకుండా నా వైపు చూశారు. పక్కనున్న శిబిరాలన్నీ నిండిపోయాయని ఉదయమే విచారించి ఉన్నందున, వెనక్కి తిప్పమని చెప్పవలసి వచ్చింది. మేము వెళ్లిన గంటన్నరకు మంద దాటిందని మరునాడు తెలిసింది. ఆ మాట మీకు చేరవేయడం నాకు ఈ పదకొండేళ్ల వృత్తిలో అత్యంత కష్టమైన పని.

నిర్వాహకులను నిలదీస్తే, జంతువులు క్యాలెండరు చూసి నడవవు కదా అని నాకే పాఠం చెప్పారు. ఆ మాట మీకు ప్రతి యాత్రకూ ముందు చెప్పేది నేనే. జంతువులు చూడకపోవచ్చు, గుడారాలు వేసేవారు మాత్రం చూడాలి. నా పొరపాటు కూడా ఉంది: పది రోజుల ముందు, అంతా సిద్ధమేనా అని అడిగాను తప్ప, శిబిరం ఇప్పుడు ఎక్కడుందని అడగలేదు. సిద్ధమేనని జవాబు వచ్చింది. అది అబద్ధం కూడా కాదు.

జులై యాత్రను పూర్తిగా ఆపేయాలా అన్నది తేల్చుకోవడానికి నాకు ఆరు వారాలు పట్టింది. ఆపితే మీలో సగం మందికి నా దగ్గరికి రావడానికి కారణం ఉండదు. ఉంచితే, ఏ గంటకు ఎక్కడ జరుగుతుందో ఎవరూ చెప్పలేని దాన్ని తేదీ వేసి అమ్ముతున్నట్టే. చివరికి యాత్రను ఉంచి, "నది దాటే యాత్ర" అన్న పేరు తీసేశాను. ఇకపై ఆగస్టులో, నది ఒడ్డుకు దగ్గరగా ఉండే స్థిర శిబిరంలోనే ఆరు రాత్రులు ఉంటాం. చోట్లు మార్చడం ఉండదు. చూపిస్తామని హామీ ఇవ్వం, వేచి ఉండే సమయం మాత్రం ఇస్తాం.

నన్ను సలహా అడిగితే ఫిబ్రవరిలో రండి. సెరెంగెటి దక్షిణ మైదానాల్లోని ఎండుటు చుట్టుపక్కల అగ్నిపర్వత బూడిద పేరుకున్న నేలల్లో ఖనిజాలున్న పొట్టి గడ్డి పెరుగుతుంది. ఈనే మందలకు అదే కావాలి. దూడల్లో అధిక భాగం రెండు మూడు వారాల్లోనే పుట్టి, నిమిషాల్లో లేచి నిలబడతాయి. హైనాలు, చీతాలు తినగలిగిన దానికన్నా ఎక్కువ దూడలు ఒకేసారి పుట్టడమే వాటికి రక్ష. నది దగ్గరిలా అదృష్టానికి వదిలేయవలసింది ఇక్కడ చాలా తక్కువ.

జులై బృందానికి శిబిరం సొమ్ము పూర్తిగా నేనే తిరిగి ఇచ్చాను. నిర్వాహకుల నుంచి అది వసూలవుతుందా లేదా అన్నది నా తలనొప్పి. వచ్చే ఏటికి పేరు నమోదు చేసుకున్నవారు ఆగస్టుకు గానీ ఫిబ్రవరికి గానీ మార్చుకోవచ్చు, వద్దనుకుంటే మొత్తం వెనక్కి తీసుకోవచ్చు. ఆ నిర్వాహకుల శిబిరంలో మాత్రం, వారు ఎంత తగ్గించి ఇచ్చినా, మన బృందం ఇక దిగదు.