గోల్డ్‌ఫిష్ డీలా పడితే ముందు నీళ్లు పరీక్షించండి

సంపాదకులకు నమస్కారం.

గోల్డ్‌ఫిష్ కాస్త నీరసపడగానే తొట్టిలో మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు మందు పోసేయడం చాలా ఇళ్లలో అలవాటైపోయింది. నిజానికి చాలాసార్లు దాన్ని బాధపెట్టేవి ఆ నీళ్లే. పైగా ఆ మందు ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియాను కూడా చంపేస్తుంది.

చేప పైకొచ్చి గుటకలు వేస్తోందంటే ఆక్సిజన్ చాలకపోయి ఉండొచ్చు, చేప వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా మొప్పల్ని కాలుస్తుండొచ్చు, ఆ అమ్మోనియా నుంచి బ్యాక్టీరియా తయారుచేసే నైట్రైట్ రక్తంలో చేరి ఉండొచ్చు. చూపుకి మూడూ ఒకలాగే ఉంటాయి. అందుకే మందు చుక్కలు వేసి నీళ్లు పరీక్షించే టెస్ట్ కిట్ ఇంట్లో ఉండి తీరాలి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపాలి. నైట్రైట్ నుంచి చివరికి తయారయ్యే నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాములు దాటకూడదు. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ కూడా చూడండి. అది 7 నుంచి 8కి పెరిగితే, అదే అమ్మోనియాలో విషపూరితమైన వంతు దాదాపు పది రెట్లవుతుంది.

అమ్మోనియా గానీ నైట్రైట్ గానీ కనబడితే ఆ రోజే సగం నీళ్లు మార్చి, మేత ఆపి, గాలి పంపు పెట్టాలి. కొత్త నీళ్లు తొట్టి నీళ్లంత వేడిలోనే ఉండాలి, క్లోరిన్ విరిచే మందు కలపాలి. బకెట్‌లో ఒక రోజు నిలవ ఉంచితే చాలంటారు. క్లోరిన్ పోతుంది, నిజమే. కొన్నిచోట్ల కొళాయి నీళ్లలో క్లోరిన్‌కు బదులు కలిపే క్లోరమైన్ మాత్రం అలా పోదు.

ఇక ఫిల్టర్ స్పాంజిని కొళాయి కింద పెట్టి తెల్లగా వచ్చేదాకా కడుగుతారు. అమ్మోనియాను తినే బ్యాక్టీరియా ఉండేది ఆ గోధుమరంగు జిగురులోనే. అది కొత్తగా స్థిరపడాలంటే 4 నుంచి 6 వారాలు పడుతుంది. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండి పెట్టేయండి.

ఒంటి నిండా ఉప్పు రవ్వ చల్లినట్టుంటే అది తెల్లచుక్కల జబ్బు. ఆ పరాన్నజీవి చర్మంలో ఉన్నంతసేపు మందు తగలదు, నీళ్లలో ఈదే దశలోనే చస్తుంది. చుక్కలు పోయాయని ఆపేస్తే మళ్లీ తిరగబెట్టేది ఇందుకే. మొక్కలు తీసేసి, లీటరుకు 3 గ్రాముల అయోడిన్ లేని ఉప్పును ఒకటిన్నర రోజులో మూడు విడతలుగా కరిగించి పోసి, కనీసం 10 రోజులు ఉంచాలి. నీళ్లు చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ రోజులు. ఆవిరైన నీటికి బదులు మామూలు నీళ్లే పోయాలి, ఎందుకంటే ఉప్పు ఎక్కడికీ పోదు.

అయితే చుక్కలు మొప్పల మూతల మీద, ముందు రెక్కల మొదటి ముల్లు వెంట మాత్రమే వరసగా ఉంటే కంగారు పడకండి. అది జతకట్టే కాలంలో మగచేపకు వచ్చే గుర్తు. దానికి మందు పోయడం ఆరోగ్యంగా ఉన్న చేపను హింసించడమే.

పైనుంచి చూసినప్పుడు పొలుసులు నిక్కబొడుచుకుని ఉంటే మాత్రం లోపలి అవయవాలు దెబ్బతిన్నట్టే. ఆ దశలో కోలుకునేవి తక్కువ.

మీ పత్రికకు ఒక మనవి. పిల్లల పేజీలో గోల్డ్‌ఫిష్ బొమ్మ వేసేటప్పుడు గుండ్రటి గాజు గిన్నెలో వేయకండి. జానెడు పెరిగే చేప అది. ఒక్కదానికే 75 లీటర్ల తొట్టి, ఫిల్టర్, వారం వారం పావు వంతు నీళ్ల మార్పు కావాలి. దయచేసి వెడల్పాటి తొట్టిలో, ఫిల్టర్‌తో కలిపి వేయండి.

- ఒక పాఠకుడు